వీఆర్ హెడ్‌సెట్‌తో విదేశీ భాష మాట్లాడటం ఎలా ప్రాక్టీస్ చేయాలి?

క్లాసులో వ్యాకరణం వస్తుంది, పదాలూ వస్తాయి. కానీ ఆ భాష మాట్లాడే మనిషి ఎదురుగా నిలబడితే నోరు పెగలదు. వర్చువల్ రియాలిటీ (వీఆర్), అంటే కళ్లకు హెడ్‌సెట్ పెట్టుకుని కంప్యూటర్ చూపే లోకంలో ఉన్నట్టు అనుభవించడం, బాగా అక్కరకొచ్చేది ఇక్కడే. పదాలు బట్టీ పట్టడానికి పుస్తకమో ఫోనో చాలు. హెడ్‌సెట్ పెట్టుకున్న సమయమంతా మాట్లాడటానికే వాడండి.

1. పరికరం సిద్ధం చేసుకోండి

మెటా క్వెస్ట్ 3 లాంటి హెడ్‌సెట్‌కి కంప్యూటర్ అక్కర్లేదు, మైకు అందులోనే ఉంటుంది. హెడ్‌సెట్ లేదని ఆగిపోవద్దు. కింద చెప్పబోయే వీఆర్‌చాట్ అనే యాప్ మామూలు విండోస్ కంప్యూటర్‌లోనూ నడుస్తుంది.

కొత్తలో చాలామందికి కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది. కళ్లకేమో కదులుతున్నట్టు కనిపిస్తుంది, శరీరమేమో కదలదు. ఆ తేడా వల్లే ఈ ఇబ్బంది. కూర్చుని చేయండి. నడక బదులు ఒక చోటి నుంచి ఇంకో చోటికి నేరుగా చేరే టెలిపోర్ట్ పద్ధతి సెట్టింగ్స్‌లో ఉంటే అది పెట్టుకోండి. మొదట్లో పది, పదిహేను నిమిషాలు చాలు. తిప్పుతున్నట్టు అనిపించగానే తీసేయండి, ఓర్చుకుని కూర్చోవద్దు.

2. ఒక్క సందర్భం ఎంచుకోండి

హోటల్‌లో గది అడగడం, దారి కనుక్కోవడం, పరిచయం చేసుకోవడం... వీటిలో ఒక్కటి చాలు. దానికి కావలసిన ఏడెనిమిది వాక్యాలు ముందే కాగితం మీద రాసి, పైకి చదవండి. హెడ్‌సెట్ పెట్టుకున్నాక కాగితం వైపు చూడటం కష్టం. అందుకే గుర్తు తెచ్చుకుని మాట్లాడక తప్పదు, మనకు కావలసిందీ అదే. 'మళ్లీ చెప్పండి', 'కొంచెం నెమ్మదిగా' అనే మాటలు మాత్రం నోటికి వచ్చి ఉండాలి. జపనీస్‌లో అయితే 'మో ఇచిదో ఒనెగై షిమాస్', స్పానిష్‌లో 'మాస్ దెస్పాసియో, పోర్ ఫావోర్'.

3. ముందు ఒంటరిగా తిరగండి

వాండర్ అనే యాప్ గూగుల్ స్ట్రీట్ వ్యూ చిత్రాలను (వీధుల్లో అన్నివైపులా తీసిన ఫొటోలు) మన చుట్టూ పరిచి చూపిస్తుంది. ఆ భాష మాట్లాడే ఊళ్లో ఒక వీధి తెరిచి, కనిపించేవన్నీ ఆ భాషలోనే పైకి చెప్పండి. బోర్డులు చదవండి. 'కుడివైపు ఎర్ర తలుపు ఉంది, దాని పక్కన మెట్లున్నాయి' లాంటి చిన్న వాక్యాలు చాలు. వినేవాళ్లు లేరు కాబట్టి బెరుకు ఉండదు. మాట రాక ఎక్కడ ఆగిపోయారో గుర్తుంచుకోండి.

4. యాప్‌లోని పాత్రలతో మాట్లాడండి

మోండ్లీ లాంటి భాషలు నేర్పే యాప్‌లలో హోటల్, రెస్టారెంట్ వంటి సన్నివేశాలు ఉంటాయి. ఎన్నిసార్లు తడబడినా అవతలి పాత్ర విసుక్కోదు. రాసిపెట్టిన సంభాషణల్లో మాత్రం కొన్నాళ్లకు జవాబులు ముందే తెలిసిపోతాయి. అప్పుడిక అక్కడే ఉండిపోకండి.

5. మనుషుల్లోకి వెళ్లండి

అసలు ఫలితం ఇక్కడే. వీఆర్‌చాట్‌లో మనుషులు అవతార్ (తెర మీద మన బదులు కనిపించే బొమ్మ) రూపంలో కలిసి మాట్లాడుకుంటారు. భాషల మార్పిడి కోసమే కొందరు ప్రత్యేకంగా గదులు కట్టారు, ఇంగ్లీషు–జపనీస్ గది వాటిలో ఒకటి. ఆ భాష మాట్లాడే దేశంలో సాయంత్రం అయ్యే వేళ చూసుకుని వెళ్లండి, జనం దొరుకుతారు.

వెళ్లగానే మాట్లాడాలని టెన్షన్ పడొద్దు. మైకు మ్యూట్‌లో పెట్టి, ఒక గుంపు పక్కన నిలబడి కాసేపు వినండి. చెయ్యి ఊపినా పలకరింపే. తర్వాత మీరింకా నేర్చుకుంటున్నారని, తప్పులుంటే దిద్దమని చెప్పండి. అలాంటి గదుల్లో అవతలివాళ్లూ ఏదో ఒక భాష నేర్చుకుంటూనే ఉంటారు, అందుకే ఓపిగ్గా వింటారు. సగం సమయం వాళ్ల భాషకు, సగం మీకు బాగా వచ్చిన భాషకు ఇవ్వండి.

ఇబ్బంది పెట్టేవాళ్లను ఆపడానికి పనికొచ్చే మ్యూట్, బ్లాక్, సేఫ్ మోడ్ ఎక్కడున్నాయో లోపలికి వెళ్లే ముందే చూసి పెట్టుకోండి. అసలు పేరు, చిరునామా, ఫోన్ నంబర్ చెప్పొద్దు. వీఆర్‌చాట్‌లో చేరడానికి 13 ఏళ్లు నిండాలి. పిల్లలు వాడుతుంటే పెద్దలు దగ్గర ఉండటం మంచిది.

6. తీయగానే రాయండి

చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మూడు వాక్యాలు వెంటనే రాసి, సరైన రూపం వెతకండి లేదా టీచర్‌ని అడగండి. మర్నాడు అదే సందర్భం, కానీ వేరే మనిషితో. ఎదురుచూడని ప్రశ్న వచ్చినా మాతృభాషలోకి జారకుండా జవాబు చెప్పగలిగిన రోజున ఇంకో సందర్భానికి వెళ్లండి.