బోనస్ షరతులు రాయడం, 4వ పాఠం: పది రెట్ల గీత

కిందటి పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. ఒక ఆన్‌లైన్ కాసినో కంపెనీ వంద పౌండ్ల డిపాజిట్‌కు వంద పౌండ్ల బోనస్ ఇచ్చింది. బోనస్ మొత్తానికి 35 రెట్ల వేజరింగ్. ఆట 96 శాతం ఆర్‌టీపీ (పందేల్లో సగటున ఆటగాడికి తిరిగొచ్చే వాటా) ఉన్న స్లాట్, అంటే మీట నొక్కితే బొమ్మలు తిరిగే ఆట. అంటే ఆటగాడు 3,500 పౌండ్ల పందేలు కాస్తే తప్ప ఆ డబ్బు బయటికి తీసుకోలేడు. ఆ పందేల్లో నాలుగు శాతం, 140 పౌండ్లు, సగటున కంపెనీకి మిగులుతాయి. ఇచ్చింది వంద, తిరిగొచ్చేది 140. ఆటగాడికి 40 నష్టం కాబట్టి ఈ ఆఫర్‌తో కంపెనీకి ఎలాంటి ప్రమాదమూ లేదనిపిస్తుంది. అక్కడితో ఆగితే సగం లెక్కే చేసినట్టు.

మిగతా సగం ఇది. పాత పద్ధతిలో సొంత డబ్బు, బోనస్ కలిసి 200 పౌండ్ల ఒకే బ్యాలెన్స్‌గా ఉండేవి. రౌలెట్‌ను కూడా అనుమతించారనుకోండి. ఆటగాడు మొత్తం 200 ఒకేసారి 12 అంకెల గుంపు మీద పెట్టాడు. గెలిచే అవకాశం 37లో 12. ఓడిపోతే ఆట ముగిసింది. మిగిలిపోయిన 3,300 పౌండ్ల వేజరింగ్ ఎవరూ పూర్తి చేయక్కర్లేదు. గెలిస్తే పెట్టింది మూడింతలై బ్యాలెన్స్ 600. ఇప్పుడు చిన్న చిన్న స్లాట్ పందేలతో మిగతా 3,300 పూర్తి చేస్తే సగటున 132 పోయి 468 మిగులుతుంది. దాన్ని 12తో గుణించి 37తో భాగించండి. దాదాపు 152 వస్తుంది. అతని జేబులోంచి పెట్టింది వంద. 40 పౌండ్ల నష్టం అనుకున్న ఆఫర్, ఒక్క పందెంతో 52 పౌండ్ల లాభంగా మారింది.

వేజరింగ్ భారమంతా గెలిచినవాళ్ల మీదే పడుతుంది, ఓడినవాళ్లు మధ్యలోనే తప్పుకుంటారు. ఈ సంగతి పట్టుకున్నవాడే బోనస్ వేటగాడు. అతను మోసం చేయట్లేదు, మనం రాసింది మనకంటే శ్రద్ధగా చదివాడు, అంతే. బోనస్ ఉన్నప్పుడు ఒక్కసారికి ఇంతకు మించి పందెం కాయకూడదనే గరిష్ఠ పందెం షరతు పుట్టింది ఇందుకే.

ముందుకు వెళ్లేముందు ఒక మాట చెప్పాలి. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై నిషేధం ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం దేశమంతటా వాటిని నిషేధించింది. ఈ పాఠాలు బ్రిటన్ లాంటి లైసెన్సు ఉన్న మార్కెట్లలో కంప్లయన్స్, రిస్క్, టెస్టింగ్ పనుల్లో ఉన్న మనవాళ్ల కోసం. ఇంటి దగ్గర ఆడటానికి ఉపయోగపడే చిట్కాలుగా దయచేసి చదవకండి.

ఇక ఈ పాఠం అసలు విషయం. 2026 జనవరి 19 నుంచి బ్రిటన్ గ్యాంబ్లింగ్ కమిషన్ వేజరింగ్‌ను బోనస్‌కు పది రెట్లకు పరిమితం చేసింది. క్రీడల బెట్టింగ్‌నీ స్లాట్‌లనీ కలిపి ఒకే ఆఫర్‌లో ఇరికించడాన్ని కూడా ఆపేసింది. నేను ఈ నిబంధనను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. వేల పౌండ్ల పందేలు కాస్తే తప్ప రాని డబ్బును కానుక అని పిలవడం తప్పు. ఆ లక్ష్యం చేరాలని రాత్రి రెండింటిదాకా స్పిన్ నొక్కుతూ కూర్చునేది వేటగాడు కాదు, లెక్క తెలియని మామూలు మనిషి.

అయితే మన పని కష్టమైంది. పది రెట్లంటే 1,000 పౌండ్ల పందేలు. 96 శాతం స్లాట్‌లో వాటి మీద సగటున పోయేది 40. వంద పౌండ్ల బోనస్‌లో 60 ఆటగాడికి మిగులుతుంది. రౌలెట్‌కు తలుపు తెరిచి ఉంచితే ఇంకా ఘోరం. ఎరుపు మీద పది, నలుపు మీద పది పెడితే సున్నా పడినప్పుడు మాత్రమే నష్టం. అలా 50 సార్లు తిప్పితే 1,000 పూర్తవుతుంది, సగటు నష్టం 27 పౌండ్లు. ఆ 50 సార్లలో సున్నా ఒక్కసారీ పడకుండా గడిచే అవకాశం నాలుగింట ఒకటి. ఇన్నాళ్లూ రెట్ల సంఖ్య పెంచి దాచుకున్న బలహీనతలన్నీ ఇప్పుడు బయటపడ్డాయి.

దీనికి నేను మొదట చెప్పే మందు ఎవరికీ నచ్చదు: బోనస్‌నే తగ్గించండి. 20 పౌండ్ల బోనస్ అయితే అదే స్లాట్‌లో సగటు ఖర్చు 12. ఆ 12ను ప్రచారం ఖర్చుగా ముందే రాసుకోండి. భరించలేని ఆఫర్ ప్రకటించి, ఆ తర్వాత విత్‌డ్రా దగ్గర సాకులు వెతకడమే ఈ రంగానికి అసలు జబ్బు.

రెండోది, బోనస్‌తో ఏ ఆటలు ఆడొచ్చో పేర్లతో జాబితా ఇవ్వండి. మిగతావి సాఫ్ట్‌వేర్‌లోనే మూసేయండి. పందెం పరిమితికీ ఇదే వర్తిస్తుంది. బ్రిటన్‌లో ఆన్‌లైన్ స్లాట్ పందేనికి 2025 ఏప్రిల్ 9 నుంచి 5 పౌండ్ల పరిమితి వచ్చింది, 18 నుంచి 24 ఏళ్లవాళ్లకు మే 21 నుంచి 2 పౌండ్లు. రౌలెట్ లాంటి టేబుల్ ఆటలకు ఆ పరిమితి లేదు. కాబట్టి అక్కడ మన షరతు ఇంకా అవసరమే. కానీ పరిమితి దాటిన పందేన్ని తీసుకుని, గెలిచాక "షరతు ఉల్లంఘించారు" అనడం కంటే ఆ పందేన్ని అసలు తీసుకోకపోవడం వంద రెట్లు మేలు.

నేను ఈ పనిలో కొత్తగా చేరినప్పుడు ఒక సంస్థలో ఒక వాక్యం నా చేతుల మీదుగానే వెళ్లింది: "మా విచక్షణ మేరకు అసహజమైన ఆటగా భావిస్తే గెలుపు మొత్తాన్ని రద్దు చేస్తాం." కొన్ని వారాలకు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే ఒకావిడ గెలుపు దీని కిందే ఆగిపోయింది. ఆవిడ చేసిందల్లా ఒకసారి గెలిచాక ధైర్యం వచ్చి పందెం పెంచడం. అసహజం అంటే ఏమిటో చెప్పమని ఆవిడ అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి "విచక్షణ" అన్న మాట నా షరతుల్లో లేదు.

చట్టం కూడా అటువైపే ఉంది. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం షరతు న్యాయంగా, సూటిగా అర్థమయ్యేలా ఉండాలి. 2018లో బ్రిటన్‌లో వినియోగదారుల హక్కులు, మార్కెట్ పోటీ చూసే కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ దర్యాప్తు తర్వాత లాడ్‌బ్రోక్స్, విలియం హిల్, పీటీ ఎంటర్‌టైన్‌మెంట్ అనే గ్యాంబ్లింగ్ కంపెనీలు తమ షరతులు మార్చుకుంటామని మాట ఇచ్చాయి. ఆటగాడి సొంత డబ్బు బోనస్ వేజరింగ్‌లో చిక్కుకోకూడదన్నది అందులో ముఖ్యమైనది. బెట్‌ఫ్రెడ్ అనే మరో బెట్టింగ్ కంపెనీ కేసు బోనస్‌ది కాదు, ఆటలో సాంకేతిక లోపానిది. అయినా మనం చదవాలి. 2018 జనవరిలో ఒకతను 17 లక్షల పౌండ్లకు పైగా గెలిచాడు. లోపం వల్ల వచ్చిన గెలుపని కంపెనీ ఇవ్వలేదు. 2021 ఏప్రిల్‌లో లండన్ హైకోర్టు ఆటగాడి పక్షాన తీర్పిచ్చింది. కంపెనీ ఆసరా చేసుకున్న షరతులు స్పష్టంగా లేవని, అతని దృష్టికి సరిగా తీసుకురాలేదని తేల్చింది.

ఒకే మనిషి పది ఖాతాలు తెరిచే మోసం వేరే సంగతి. అది నిజంగా మోసమే. పరికరం గుర్తులు, కార్డు, చిరునామా, ఐపీ కలిపి చూసి పట్టుకుంటాం. ఇక్కడ మనవాళ్ల గురించి చెప్పాలి. లండన్‌లో ఒకే ఇంట్లో ఆరుగురు తెలుగు విద్యార్థులు, ఒకే వైఫై, ఒకే చిరునామా. ఒకడి పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, బ్యాంకు కార్డులో వెనక, ఇంకోచోట పొడి అక్షరం మాత్రమే. సాఫ్ట్‌వేర్ కంటికి వీళ్లంతా ఒకే ముఠా. అందుకే "ఇంటికి ఒక్క బోనస్" అని రాసేటప్పుడు ఇల్లంటే ఏమిటో రాయండి. ఆ తనిఖీ బోనస్ ఇచ్చేముందే జరగాలి, గెలిచాక కాదు. బ్రిటన్‌లో 2019 మే 7 నుంచి పేరు, చిరునామా, పుట్టిన తేదీ సరిచూడకుండా ఆడనివ్వకూడదు, కాబట్టి వివరాలన్నీ మన చేతిలో ముందే ఉంటాయి. ఆ ఇళ్లలో ఉండే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట: యాభై పౌండ్లు ఇస్తానంటే మీ పాస్‌పోర్టు, బ్యాంకు వివరాలు ఎవరికీ ఇవ్వకండి. ఖాతా మీ పేరున ఉంటుంది, చిక్కు కూడా మీకే చుట్టుకుంటుంది.

అభ్యాసం: 30 పౌండ్ల బోనస్, పది రెట్ల వేజరింగ్. 94 శాతం స్లాట్‌లో ఆటగాడికి సగటున ఎంత మిగులుతుంది, 97 శాతం స్లాట్‌లో ఎంత? వచ్చిన జవాబులు 12, 21 అయితే లెక్క సరిగా చేసినట్టే. తర్వాత ఈ ఆఫర్‌కు షరతులు ఐదు వాక్యాల్లో రాయండి. ఈ రంగంతో సంబంధం లేని ఒకరికి చదివి వినిపించి, "డబ్బు ఎప్పుడు తీసుకోవచ్చు?" అని అడగండి. వాళ్లు తడబడిన వాక్యం కింద గీత గీసి ఉంచుకోండి. 5వ పాఠాన్ని ఆ వాక్యంతోనే మొదలుపెడదాం. ఆ పాఠం విషయం: ఆడేకొద్దీ నిండే మీటరు ఉన్న స్లాట్‌లలో దాన్ని బోనస్ డబ్బుతో నింపి, చివరి స్పిన్‌ను సొంత డబ్బుతో తిప్పే ఎత్తు.