మైకుకు అలవాటుపడిన హ్యామ్‌లకు డేటాను పరిచయం చేయడం ఎలా

విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని హ్యామ్‌లలో (లైసెన్సు తీసుకుని అభిరుచిగా రేడియో నడిపేవారిలో) చాలామందికి రేడియో అంటే మైకు, గొంతు, సాయంత్రం నెట్ (అందరూ ఒకే ఫ్రీక్వెన్సీపై కలిసి మాట్లాడుకునే వేళ). వారి ముందు డేటా నెట్‌వర్క్ (రేడియో మీదనే అక్షరాలు పంపుకునే ఏర్పాటు) మాట ఎత్తగానే "వాట్సాప్ ఉండగా ఇదెందుకండీ?" అన్న ప్రశ్న వస్తుంది. ఇంటర్నెట్‌తో పోల్చి జవాబు చెప్పబోతే ఓడిపోవడం ఖాయం. వీహెచ్‌ఎఫ్ తరంగాలపై మామూలు ప్యాకెట్ రేడియో (సందేశాన్ని చిన్న ముక్కలుగా, అంటే ప్యాకెట్లుగా, పంపే పద్ధతి) వేగం సెకనుకు 1200 బిట్లు, అంటే 150 బైట్లు మాత్రమే. కాబట్టి వేగం ఊసెత్తకుండా, గొంతుతో సరిగా జరగని పని ఒకటి ఎంచుకుని దానినే చేసి చూపించాలి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు కరెంటు పోయి, ఫోన్లు పనిచేయక జనం పడిన అవస్థ ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. అలాంటి వేళ ఒక వీధివారి పేర్లు, గీతలూ 'బై'లూ నిండిన బెజవాడ ఇంటి నంబర్లు, కావలసిన మందులు మైకులో చదివితే, అవతల రాసుకునేవారు ఎన్నిసార్లు "మళ్లీ చెప్పండి" అంటారో ఊహించవచ్చు. షుగరు మందు మెట్‌ఫార్మిన్ 500 కాస్తా 850 అయినా ఎవరూ గమనించకపోవచ్చు. ప్యాకెట్ రేడియో వాడే ఏఎక్స్.25 పద్ధతిలో ప్రతి ప్యాకెట్ చివర తనిఖీ సంఖ్య ఉంటుంది. అది సరిపోలకపోతే అందుకునే స్టేషన్ ఆ ప్యాకెట్‌ను మామూలుగా పక్కన పడేస్తుంది. అందినట్టు అవతలి నుంచి రసీదు రాకపోతే పంపినవారి సాఫ్ట్‌వేర్ మళ్లీ పంపేలా పెట్టుకోవచ్చు. వాదన మొత్తానికి బలం ఇదే.

ప్రదర్శనకు కొత్త సెట్టు కొనమనకండి. ఖర్చు మాట వినగానే సగం మంది వెనక్కి తగ్గుతారు. వారి హ్యాండ్‌హెల్డ్‌నే తీసుకుని, ఉచితంగా దొరికే డైర్‌వుల్ఫ్ సాఫ్ట్‌వేర్ ఉన్న పాత ల్యాప్‌టాప్ మైకును దాని స్పీకర్ దగ్గర పెడితే, కేబుల్ లేకుండానే "బ్రర్" మన్న చప్పుడు తెరపై అక్షరాలుగా మారడం వారే చూస్తారు. తరువాత అదే జాబితాను ఒకసారి గొంతుతో, ఒకసారి ప్యాకెట్‌తో పంపించి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వారినే దిద్దమనండి. కుర్రవాళ్లు ఉంటే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదుగా వెళ్లే సమయం చూసుకుని 145.825 మెగాహెర్ట్జ్ వినిపించవచ్చు. అక్కడి ప్యాకెట్ రిపీటర్ (అందిన ప్యాకెట్లను తిరిగి ప్రసారం చేసే యంత్రం) ఆన్‌లో ఉన్నప్పుడు దాని ప్యాకెట్లు చేతిలోని సెట్టుకే అందుతాయి.

ప్రదర్శన విఫలమైతే రెండోసారి ఎవరూ రారు. అందుకే ప్యాకెట్లు పంపడానికి ల్యాప్‌టాప్‌ను సెట్టుకు కేబుల్‌తో కలిపే ఏర్పాటును ముందురోజే పరీక్షించుకోవాలి. ఎక్కువగా దెబ్బతీసేది ఆడియో స్థాయి: బలంగా ఉంటే మంచిదనుకుని పెంచితే స్వరాలు వక్రీకరణ చెంది ఒక్క ప్యాకెట్ కూడా చదవడం కుదరదు. స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ను మూసే అమరిక) తెరిచి ఉంచాలి. బ్యాటరీ పొదుపు అమరికను ఆపాలి, లేకపోతే ప్యాకెట్ తల తెగిపోతుంది. ట్రాన్స్‌మిట్ ఆలస్యాన్ని (ప్రసారం మొదలయ్యాక డేటా పంపేముందు ఆగే సమయాన్ని) 300 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి క్రమంగా తగ్గించుకోవచ్చు. సందేశాలను ప్రస్తుతానికి ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయించండి, ఎందుకంటే యూనికోడ్ తెలుగులో ఒక్కో సంకేతం మూడు బైట్లు తింటుంది, ఏపీఆర్‌ఎస్ (ప్యాకెట్ రేడియోలో చిన్న సందేశాలు, స్థానాలు పంపే పద్ధతి) సందేశం నిడివేమో 67 అక్షరాలే.

నెట్ నడిచే ఫ్రీక్వెన్సీ మీద మాత్రం డేటా పంపకండి. పెద్దల సంభాషణ మధ్యలో ఆ చప్పుడు ఒక్కసారి దూరితే, మీ మాట వినేవారు ఉండరు. ఆ పెద్దలకు యాంటెన్నా ఎత్తు, స్థలం ఎంపిక అప్పగించండి. మంగళగిరి కొండ వైపు సిగ్నల్ ఎక్కడ ఆగుతుందో వారికి తెలిసినంతగా ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు. హ్యామ్ బ్యాండ్లలో రహస్య సంకేతాలకు అనుమతి లేదు గనుక, పంపే పేర్లూ చిరునామాలూ ఎవరైనా చదవగలరన్న సంగతిని దాచకుండా ముందే చెప్పాలి. ఎవరి లైసెన్స్ గ్రేడ్‌లో డేటా ప్రసారానికి అనుమతి ఉందో కూడా చూసుకోవాలి.

ఆ తరువాత వారానికోసారి, వాయిస్ నెట్ ముగియగానే పది నిమిషాలు వేరే ఫ్రీక్వెన్సీపై ప్యాకెట్ సమయంగా కేటాయించండి. నలుగురైదుగురు క్రమం తప్పకుండా వస్తున్నారని తేలాకే, తగిన అనుమతులతో ఎత్తైన చోట డిజిపీటర్ (ప్యాకెట్ రిపీటర్) పెట్టే ఆలోచన చేయండి.