మందుల వల్ల ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

ఎన్నడూ ఫిట్స్ లేని మనిషికి ఉన్నట్టుండి వస్తే ఇంట్లో అందరూ మెదడులో ఏదో అయిందని హడలిపోతారు గానీ, ఈ మధ్య ఏ మందు కొత్తగా మొదలుపెట్టారు, ఏది ఆపేశారు అన్నది చాలామందికి తట్టదు. డాక్టరుకు ముందు కావాల్సింది ఆ సమాధానమే.

1. గడియారం చూడండి. ఎన్ని నిమిషాలుందో డాక్టరు తప్పకుండా అడుగుతారు. మనిషిని ఒక పక్కకు తిప్పి, తల కింద మడిచిన తువ్వాలు పెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దే వద్దు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా పట్టకండి.

2. 108కి ఫోన్ చేయండి. ఇదే మొదటిసారైనా, మందు ఎక్కువ మింగారన్న అనుమానం ఉన్నా ఆగకండి. 5 నిమిషాలు దాటితే ప్రాణం మీదికొస్తుంది. గాంధీకా, ఉస్మానియాకా, నిమ్స్‌కా అని చర్చలు పెట్టుకోకుండా, ట్రాఫిక్‌లో ముందుగా చేరగలిగే ఎమర్జెన్సీకి వెళ్లండి.

3. మందులన్నీ ఒక కవర్లో వేయండి. దీన్ని మాత్రం మర్చిపోకండి. ఫ్రిజ్ మీది డబ్బా, దిండు కింద, హ్యాండ్‌బ్యాగు, చెత్తబుట్ట అన్నీ వెతకండి, ఖాళీ స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి, ఎందుకంటే ఎన్ని మాత్రలు మింగి ఉంటారో వాటిని బట్టే అంచనా వేస్తారు. మెడికల్ షాపులో చీటీ లేకుండా తెచ్చుకున్న ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, డిప్రెషన్‌కి వాడే బ్యుప్రోపియాన్, మోతాదు మించిన టీబీ మందు ఐసోనియాజిడ్, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకైతే సెఫిపైమ్ లాంటి యాంటీబయాటిక్, ఇవన్నీ ఫిట్స్ తెప్పించగలవు. ఇన్సులిన్ ఎక్కువై షుగర్ పడిపోయినా, బీపీకి వాడే, మూత్రం ఎక్కువగా పోయించే మాత్రల వల్ల సోడియం బాగా తగ్గినా అంతే. పసిపిల్లలైతే పూజగదిలో కర్పూరం చూడండి, కొంచెం మింగినా ప్రమాదమే.

4. ఆపేసిన వాటి గురించీ చెప్పండి. నిద్రకు రోజూ వేసుకునే ఆల్ప్రజోలం ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. మన దగ్గర కల్తీ కల్లులో కలిపేదీ చాలాసార్లు ఇదే. మద్యం హఠాత్తుగా మానినా రావచ్చు. పరువు పోతుందని పెద్దాయన కల్లు అలవాటు దాచకండి, చికిత్స దారి తప్పుతుంది.

5. ఆసుపత్రిలో ఏం చేస్తారో తెలుసుకుంటే టెన్షన్ తగ్గుతుంది. లోరాజిపామ్, మిడజోలామ్ లాంటి ఇంజెక్షన్‌తో ముందు ఫిట్స్ ఆపుతారు. వెంటనే షుగర్ చూసి, తక్కువుంటే గ్లూకోజ్ ఎక్కిస్తారు, సోడియం పరీక్ష చేస్తారు. ఐసోనియాజిడ్ ఎక్కువైతే విరుగుడు బీ6 విటమిన్, అదీ పెద్ద మోతాదులో ఇంజెక్షన్‌గా. మామూలు ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్ ఇలాంటి విషప్రభావంలో అంతగా పనిచేయదు, అందుకే కారణం తెలియడం అంత ముఖ్యం.

6. ఇంటికొచ్చాక ఆ మందు పేరు ఒక కాగితం మీద రాసి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా చూపించండి. కారణం తీరిపోతే చాలామందికి ఏళ్ల తరబడి ఫిట్స్ మాత్రలు అవసరం పడవు, కానీ ఆ నిర్ణయం డాక్టరుదే. ఆయన సరే అనేదాకా బండి నడపకండి, మిగతా మందులేవీ సొంతంగా ఆపకండి.