స్కాన్‌కు ముందు, సంతానానికి ముందు

పిల్లల కోసం ఎదురుచూస్తున్న దంపతులకు ఎక్స్‌రే గానీ, సీటీ స్కాన్ గానీ రాసినప్పుడు, ఆ కిరణాల దోషం పుట్టబోయే బిడ్డకు సంక్రమిస్తుందేమోనన్న దిగులు కలగడం సహజమే. ఎక్స్‌కిరణాలు కలిగించిన ఉత్పరివర్తనాలు (జన్యువుల్లో వచ్చే మార్పులు) తరువాతి తరాలకు అందుతాయని 1927లో జన్యుశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగలపై నిరూపించాడు. మనుషుల్లో మాత్రం, హిరోషిమా, నాగసాకి బాధితులకు ఆ తరువాత పుట్టిన 70 వేలకు పైగా పిల్లలను దశాబ్దాల తరబడి గమనించినా అటువంటి మార్పుల్లో పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు. చెర్నోబిల్ రేడియేషన్‌కు గురైన తల్లిదండ్రుల పిల్లలు 130 మంది జన్యువులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలోనూ కొత్త ఉత్పరివర్తనాలు మామూలు కన్నా ఎక్కువగా లేవు. ముప్పు అసలే లేదని కాదు, ఉన్నా లెక్కకు అందనంత తక్కువ. అందుచేత అవసరమైన పరీక్షను ఈ భయంతో మానుకోవడం తగదు.

అసలు జాగ్రత్త కడుపులో ఉన్న శిశువు విషయంలో కావాలి. నెలసరి తప్పినా, తప్పిందన్న అనుమానం ఉన్నా, బల్ల మీద పడుకోకముందే టెక్నీషియన్‌కు చెప్పాలి. అల్ట్రాసౌండ్‌తోనో ఎంఆర్ఐతోనో పని జరిగే అవకాశం ఉంటే వైద్యుడు అటు మళ్లిస్తారు. తెలియక ముందే ఎక్స్‌రే తీయించుకున్నవారు కంగారుపడి గర్భస్రావానికి సిద్ధపడకూడదు. శిశువుకు అందిన మోతాదు 100 మిల్లీగ్రేలు (శరీరం గ్రహించిన రేడియేషన్‌కు కొలమానం) దాటకపోతే ఆ కారణంతో గర్భం తీయించుకోనక్కరలేదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి, మామూలు ఛాతీ ఎక్స్‌రేలో శిశువుకు అందేది ఒక మిల్లీగ్రేలో చాలా చిన్న వంతు మాత్రమే. పొట్ట సీటీ స్కాన్ సంగతి వేరు. దాని మోతాదు సుమారు 10 మిల్లీసీవర్టులు (శరీరానికి కలిగే ముప్పును బట్టి రేడియేషన్‌ను కొలిచే కొలమానం) కాబట్టి, పాత ఫిల్ములు, రిపోర్టులు వెంట తీసుకెళ్లి అదే స్కాన్ మళ్లీ తీయకుండా చూసుకోవాలి.

థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ చికిత్స పొందినవారు, స్త్రీలైనా పురుషులైనా, వైద్యుడు చెప్పిన గడువు ముగిసేవరకు గర్భధారణను వాయిదా వేయాలి. ఈ గడువు సాధారణంగా కొన్ని నెలలు ఉంటుంది.

రేడియేషన్ మధ్య ఉద్యోగం చేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు పరిమితి. ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జీని గోడకు తగిలించిన ఆప్రాన్ జేబులో వదిలేసి గదిలోకి వెళితే అది కొలిచేది గోడకు తగిలిన మోతాదునే. నెలల తరబడి అలా వదిలేసేవారూ లేకపోలేదు. గర్భం అని తెలిసిన రోజే పై అధికారికి రాతపూర్వకంగా తెలియజేయాలి, ఎందుకంటే శిశువుకు వర్తించే 1 మిల్లీసీవర్టు పరిమితి ఆ ప్రకటన తరువాతే అమలులోకి వస్తుంది.