మిద్దె మీది గది ఎండాకాలంలో ఉడికిపోకుండా ఉండాలంటే

కర్నూలైనా, అనంతపురమైనా, కడపైనా, మిద్దె మీద గది ఉన్నవాళ్ళకు ఏప్రిల్ వచ్చిందంటే టెన్షనే. రాత్రి పదకొండింటికి బయట గాలి చల్లబడినా లోపల ఫ్యాను వేస్తే సెగే దిగుతుంది, ఎందుకంటే నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు పొద్దంతా ఎండ పీల్చుకుని చీకటి పడ్డాక ఆ వేడిని గదిలోకి వదులుతుంది. ఏప్రిల్ ఆఖరు, మే మొదట్లో మన ఊళ్ళలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, గోడల కంటే పైకప్పు మీదే ఎక్కువ ఎండ పడుతుంది. అందుకే ఏసీ కొనకముందు, ఫాల్స్ సీలింగ్ వేయించకముందు స్లాబు పైభాగం సంగతి చూడండి.

అన్నిటికంటే చవకైంది సున్నం. ముందు మిద్దె కడిగి, పగుళ్ళు పూడ్పించండి. సున్నం రాత్రే నానబెట్టి, తెల్లారి వడకట్టి, ఫెవికాల్ లాంటి జిగురు కలిపి రెండు పూతలు వేయండి, మొదటిది నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. కాల్చిన సున్నపురాయి నీళ్ళలో వేస్తే కుతకుత ఉడుకుతుంది, కళ్ళలో పడితే చాలా ప్రమాదం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు ఉండాల్సిందే. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాలి. ఎండను తిప్పికొట్టే తెల్ల కూల్ రూఫ్ పెయింటు ఇంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ దేని మీదైనా దుమ్ము పేరుకుంటే పనితనం తగ్గిపోతుంది, కాబట్టి అప్పుడప్పుడు కడగాలి.

డబ్బు పెట్టగలిగితే వాటర్‌ప్రూఫింగ్ చేయించి, దాని మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీట్లు (వేడిని ఆపే గట్టి ఫోమ్ పలకలు) పరిచి, పైన జాలీతో కాంక్రీటు, ఆపైన తెల్ల టైల్స్ వేయించండి. నా దృష్టిలో సొంత ఇంటికి ఇదే అసలైన పని. బరువు స్లాబు మోస్తుందా లేదా అని ఇంజనీరునే అడగండి, మేస్త్రీ మాట ఒక్కటే సరిపోదు. వాన నీళ్ళు గొట్టం వైపు పోయేలా వాటం తప్పకూడదు. మన దగ్గర చవకగా దొరుకుతాయని నల్ల కడప బండలు మాత్రం పైన పరచొద్దు, నలుపు ఎండను ఇంకా లాక్కుంటుంది.

సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లడం చాలామందికి అలవాటు. కాసేపు హాయిగానే ఉంటుంది, కానీ అనంతపురం లాంటి చోట అన్ని నీళ్ళు పారబోయడం బాధాకరం, పైగా పగుళ్ళలోంచి నీళ్ళు దిగితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

రేకుల గదైతే రేకు పైన తెల్ల పెయింటు, లోపల రేకుకు అంగుళం ఎడం వదిలి అల్యూమినియం ఫాయిల్ షీటు, మెరిసే వైపు ఆ ఖాళీకి ఎదురుగా ఉండాలి. ఆనించి అతికిస్తే ఫాయిల్‌తో ప్రయోజనం ఉండదు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటికి డ్రిల్లు పెట్టొద్దు, కోయొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని, ఫాయిల్ షీటు పట్టే ఫ్రేమును గోడలకే బిగించండి. సీలింగుకు నేరుగా థర్మోకోల్ అంటించడం కూడా వద్దు, నిప్పు తగిలితే ఇట్టే అంటుకుంటుంది.

పడమటి కిటికీకి పరదా లోపల కంటే బయట తడిక కట్టడం మేలు, వేడి అద్దం దాటకముందే ఆగుతుంది. పొద్దున ఎండ ఎక్కకముందే కిటికీలు మూసి, బయట చల్లబడ్డాక అన్నీ తెరిచి, పైన ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. అద్దె ఇంట్లో ఉంటే ఓనరుతో మాట్లాడి సున్నం పని మటుకైనా శివరాత్రి నాటికి చేయించుకోండి, ఎండలు ముదిరాక మిద్దె మీద నిలబడి పని చేయడం కూలీలకు నరకం.