ఒక గది చల్లగా, పక్క గది సెగలు కక్కుతుంటే ఏం చేయాలి?

మాది విజయవాడలో పై అంతస్తు ఫ్లాటు. పైన ఉన్నది డాబానే. ఏప్రిల్ వచ్చిందంటే ఈశాన్యం గదిలో ఫ్యాను కింద హాయిగా పడుకోవచ్చు. నైరుతి గదిలో మాత్రం ఒకటిన్నర టన్నుల ఏసీ ఆడుతున్నా రాత్రి పదకొండు దాకా ఉక్కే. ఆ గది అమ్మది. మూడేళ్లు వరసగా మెకానిక్ రావడం, "గ్యాస్ తగ్గిందండీ" అని నింపి వెళ్లడం జరిగింది. రెండు టన్నుల ఏసీ కొనేద్దామని కూడా అనుకున్నాం. చివరికి చూస్తే తప్పు ఏసీది రవ్వంత, నెత్తిన ఉన్న స్లాబుది కొండంత. అందుకే చెబుతున్నాను, ఏసీ మార్చే ముందు ఆ గదికి వేడి ఎటునుంచి వస్తోందో కనుక్కోండి. గది ఏ వేళలో వేడెక్కుతుందో గమనిస్తే ఎందుకు వేడెక్కుతుందో దాదాపు తెలిసిపోతుంది.

1. మూడు రోజులు వేడి కొలవండి

కొన్ని వందల రూపాయలకు దొరికే డిజిటల్ థర్మామీటర్ ఒకటి తెచ్చుకోండి. ప్రతి గదిలోనూ మంచం ఎత్తులో, ఎండ పడని చోట పది నిమిషాలు ఉంచి అంకె రాసుకోండి. ఉదయం ఏడు, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. కొలిచే ముందు కనీసం గంటసేపు ఏసీ ఆపి ఉంచాలి.

మధ్యాహ్నం బాగా పెరిగి, పొద్దు వాలగానే దిగిపోతే కిటికీలోంచి ఎండ లోపలికి వస్తోందని అర్థం. సాయంత్రం ఆరు దాటాక పెరుగుతూ ఉంటే గోడో స్లాబో పగలు తాగిన వేడిని వదులుతోంది. ఏదో తేల్చుకోవడానికి అరచేయి చాలు. ముందు పడమటి గోడను తాకండి. తరువాత ఫ్యాను ఆపి, గట్టి స్టూలు ఎక్కి సీలింగును తాకండి. ఏది వెచ్చగా తగిలితే దోషం దానిది. ఏసీ ఆపినప్పుడు గదులన్నీ ఒకేలా ఉండి, వేసినప్పుడే తేడా వస్తుంటే నేరుగా నాలుగో మెట్టుకు వెళ్లండి.

2. పై అంతస్తయితే ముందు స్లాబు సంగతి చూడండి

మే నెలలో మన దగ్గర మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో నిలువుగా పెట్టిన కర్రకు నీడే కనబడదు. అంటే వేసవిలో ఇంటికి పడే ఎండలో పెద్ద వాటా డాబాదే. నాలుగైదు అంగుళాల కాంక్రీటు ఆ వేడిని పీల్చుకుంటుంది. అది కింది వైపుకు చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి మనం పడుకునే వేళకు సీలింగు సెగ మొదలవుతుంది. ఫ్యాను ఆ సెగనే కిందికి తోస్తుంది. ఏసీ గదిలో గాలిని చల్లబరుస్తుంటే స్లాబు మళ్లీ వేడి నింపుతుంటుంది. రెండు టన్నులది పెట్టినా ఈ పోరు ఆగదు, బిల్లు మాత్రం పెరుగుతుంది.

దీనికి మందు తెలుపు. మన పెద్దలు డాబాకు సున్నం కొట్టించింది ఊరికే కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఈ కిటుకు ఆధారంగానే. తెల్లటి పైకప్పు ఎండను వెనక్కి కొడుతుంది.

శివరాత్రి దాటాక, ఉగాదిలోపు ఈ పని పెట్టుకుంటే మంచిది. డాబా ఊడ్చి, నాచు ఉంటే గీకి కడిగి, పగుళ్లు పూడ్చి, బాగా ఆరనివ్వండి. చల్లార్చిన సున్నాన్ని నీళ్లలో కలిపి గుడ్డతో వడకట్టండి. అందులో కొంచెం జిగురు కలిపితే తొందరగా రాలిపోదు. పొద్దున్నే గానీ సాయంత్రం గానీ రెండు పూతలు వేయండి, మొదటిది ఆరాకే రెండోది. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం. కళ్లను పూర్తిగా కప్పే రక్షణ అద్దాలు, చేతి తొడుగులు లేకుండా మొదలుపెట్టకండి, పిల్లల్ని డాబా ఎక్కనివ్వకండి.

సున్నం వానలకు పోతుంది, ఏటా వేయాలి. ఖర్చు పెట్టగలిగితే కూల్ రూఫ్ పెయింటు కొన్నేళ్లు నిలుస్తుంది. డబ్బా మీద ఎస్‌ఆర్‌ఐ అనే అంకె చూడండి, పూత ఎండ వేడిని ఎంత బాగా తిప్పికొడుతుందో చెప్పేది అదే. మంచి తెల్లటి పూతలకు అది వంద దాటి ఉంటుంది. ఏది వేసినా దుమ్ము పేరుకుంటే పని చేయదు కాబట్టి వేసవిలో అప్పుడప్పుడు ఊడ్చి కడగాలి. మా అమ్మ గదిలో రాత్రి పదింటి అంకె సున్నం తర్వాత రెండు డిగ్రీలకు పైగా దిగింది. అపార్ట్‌మెంటులో డాబా అందరిదీ కనుక ముందు అసోసియేషన్‌తో మాట్లాడండి. ఆ సెగ తగిలేది పై అంతస్తు వాళ్లకే అయినా, కాదనేవాళ్లు తక్కువ.

3. పడమటి ఎండను కిటికీ బయటే ఆపండి

వాస్తు ప్రకారం ఇంటి యజమాని పడకగది నైరుతిలో ఉండాలని మనలో చాలామంది పాటిస్తాం. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా ఎండ తగిలే మూల కూడా అదే. గదిని మార్చలేకపోయినా నీడ కల్పించవచ్చు. లోపల ఎంత మందపాటి కర్టెన్ కట్టినా ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది, ఆ వేడి ఇక గదిలోనే ఉంటుంది. అందుకని వెదురు తెర, వట్టివేళ్ల తడిక, లేదంటే నర్సరీల్లో వాడే గ్రీన్ నెట్ ఏదైనా సరే కిటికీకి బయట, గాలి ఆడేలా జానెడు దూరంలో కట్టండి. వట్టివేళ్ల మీద నీళ్లు చల్లితే వచ్చే చల్లదనం, ఆ వాసన మరి దేనికీ రావు. అయితే ఉక్క ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో తడపకుండా నీడకు మాత్రమే వాడుకోవడం మేలు.

మంచం తలవైపు పడమటి గోడకు ఆనించి ఉంటే జరపండి. దక్షిణపు కిటికీ గురించి వేసవిలో అంత బెంగ అక్కర్లేదు.

4. ఏసీ తన పని తాను చేస్తోందా?

ముందు ఫిల్టరు. వేసవిలో రెండు వారాలకోసారి తీసి నీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి పెట్టండి. తర్వాత ఏసీని 18 మీద పెట్టి పదిహేను నిమిషాలు ఆడనివ్వండి. పైన గాలి పీల్చే చోట, కింద చల్లగాలి వచ్చే చోట థర్మామీటర్ పెట్టి చూడండి. రెండింటి మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే ఏసీ బాగానే ఉంది, లోపం గదిలో ఉంది. తేడా అంతకంటే బాగా తక్కువైతేనే మెకానిక్‌ను పిలవండి.

అతను గ్యాస్ తగ్గిందంటే ఒక్క మాట అడగండి: "ఎక్కడ లీకవుతోంది?" ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. సబ్బు నురగ పెట్టి లీకు చూపించమనండి, అది బాగుచేశాకే నింపించుకోండి. మాకు రాగి గొట్టం కలిపిన నట్టు దగ్గర బుడగలు వచ్చాయి. మూడేళ్లు అదే లీకు మీద డబ్బు పోశాం.

అవుట్‌డోర్ యూనిట్ వైపు కూడా ఒక చూపు వేయండి. యుటిలిటీ బాల్కనీలో అటూ ఇటూ సామాన్లు పేర్చి ఉంటే అది వదిలిన వేడిగాలిని తిరిగి అదే పీల్చుకుంటుంది. దాని ముందు ఖాళీ ఉండాలి.

5. కంతలు మూయండి

తలుపు కింద సందు, పాత ఇళ్లలో మూతపడని వెంటిలేటర్లు, ఏసీ గొట్టం వెళ్లే రంధ్రం. వీటి సంగతి అందరికీ తెలిసిందే. చాలామంది గమనించనిది బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాను. అటాచ్డ్ బాత్రూంలో అది రాత్రంతా తిరుగుతుంటే చల్లగాలిని బయటికి లాగేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి ప్రతి సందులోంచీ వేడిగాలి దూరుతుంది. వాడాక ఆపేయండి, బాత్రూం తలుపు వేసి ఉంచండి.

6. చల్లగాలిని పక్క గదికి పంపండి

ఒకే ఏసీతో రెండు గదులు నెట్టుకొచ్చేవాళ్లకు ఇది. చల్లగాలి బరువు, నేలబారున ఉంటుంది. ఏసీ గది గుమ్మంలో టేబుల్ ఫ్యానును నేల మీద పెట్టి, మొహం వేడి గది వైపు తిప్పండి. వేడిగాలి తలుపు పైభాగం నుంచి దానంతటదే ఏసీ వైపు తిరిగి వస్తుంది. ఏసీ రెక్కలు పైకి తిప్పి ఉంచండి, రెండు గదుల్లోనూ సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరగనివ్వండి. 26 మీద ఏసీ, తోడుగా ఫ్యాను ఉంటే చాలామందికి సరిపోతుంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు ఆరు శాతం ఆదా అని కరెంటు పొదుపు సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతోంది.

ఇవన్నీ చేశాక మళ్లీ మూడు రోజులు అవే వేళల్లో కొలవండి. అప్పటికీ ఆ గది మిగతావాటికంటే మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువే ఉంటే, అప్పుడు ఏసీ సైజు గురించి ఆలోచించండి. కొనేటప్పుడు చదరపు అడుగులు ఒక్కటే చెప్పి ఊరుకోకుండా, పై అంతస్తా, పడమటి గోడ ఉందా, రాత్రి పదింటికి ఎంత ఉంటోంది అన్నవి రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి.