తెలంగాణ పటం గీద్దాం – 4వ పాఠం: పక్కపక్క జిల్లాలకు ఒకే గీత

ఈసారి ఊళ్ల పేర్ల లేయర్ మొదలుపెట్టాలి. కానీ అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. జిల్లాల గీతల్లో నోడ్‌లు (గీత వంపులను నిలిపే బిందువులు) మరీ ఎక్కువైతే, మనం పటం గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో అన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎల్ నొక్కమని పోయినసారి ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. అలా చేసినవాళ్ల పటాల్లో జిల్లాల మధ్య సన్నటి తెల్ల చీలికలు వచ్చాయి. కొన్నిచోట్ల ఒక జిల్లా పక్కదాని మీదికి ఎక్కింది. పొరపాటు మీది కాదు, నేను చెప్పిన పద్ధతే తప్పు.

సిద్దిపేట, కరీంనగర్ సరిహద్దునే చూడండి. కంటికి ఒకటే గీత. ఫైల్లో మాత్రం రెండున్నాయి: సిద్దిపేట చుట్టూ తిరిగొచ్చే గీత ఒకటి, కరీంనగర్ చుట్టూ తిరిగొచ్చేది ఇంకొకటి. అచ్చంగా ఒకదానిమీద ఒకటి పడ్డాయి కాబట్టి ఒకటిగా కనిపిస్తున్నాయి. కంట్రోల్ ఎల్ నొక్కితే నడిచేది ఇంక్‌స్కేప్‌లోని సింప్లిఫై, అంటే నోడ్‌లు తగ్గించి గీతను సాపు చేసే ఆదేశం. అది ఏ ఆకారాన్ని ఆ ఆకారంగానే చూస్తుంది, పక్కన ఏముందో పట్టించుకోదు. ఒకే వంపును ఇటువైపు ఒకలా, అటువైపు ఇంకోలా సాపు చేస్తుంది. ఆ తేడాయే చీలిక.

దీనికి చాలామంది వాడే చిట్కా ఒకటుంది, అది నాకు అస్సలు నచ్చదు: జిల్లా రంగుతోనే అర పాయింటు అంచు పెట్టి చీలికను కప్పేయడం. రంగుల్లో కాస్త పారదర్శకత పెట్టగానే అంచులు కలిసినచోట ముదురు చారలు తేలతాయి. వెబ్‌లో మౌస్ పెట్టిన జిల్లా రంగు మారితే దాని అంచు పక్క జిల్లాను తినేస్తుంది. రంగులు మార్చమని ఎవరైనా అడిగితే 33 జిల్లాలకూ లోపలి రంగు, అంచు రంగు రెండూ మార్చుకుంటూ కూర్చోవాలి. చీలిక లేకపోయినా జంట గీతలతో బాధ తప్పదు. సరిహద్దుకు చుక్కల గీత పెట్టి చూడండి: ఒకదాని ఖాళీలో ఇంకోదాని చుక్క పడి, అంతా ముద్దగా అయిపోతుంది.

కాబట్టి చీలిన ఎస్‌వీజీని (ఇంక్‌స్కేప్ బొమ్మ ఫైల్‌ను) అతికించే పని పెట్టుకోకండి. మొదటి షేప్‌ఫైల్‌కే (జిల్లాల సరిహద్దులున్న మూల ఫైల్‌కే) వెళ్లి దాన్ని మ్యాప్‌షేపర్ అనే పటాల టూల్‌లో తెరవండి. ఉచితం, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఉమ్మడి సరిహద్దును అది ఒకే గీతగా లెక్కపెట్టి సాపు చేస్తుంది, అందుకే చీలికలు రావు. చిన్న ఆకారాలు మాయం కాకుండా ఆపే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. అక్కడి సింప్లిఫై స్లైడర్‌ను ఎంత శాతం దగ్గర ఆపాలన్నది మీ ఫైల్‌ను బట్టి ఉంటుంది. నేనైతే స్లైడర్ లాగుతూ హైదరాబాద్‌నే చూస్తాను. 217 చదరపు కిలోమీటర్ల జిల్లా అది, పెద్ద జిల్లాలు ఇంకా బాగుండగానే పలకముక్కలా తయారవుతుంది. అది పాడవకముందే ఆపేస్తాను.

తర్వాత మ్యాప్‌షేపర్ కన్సోల్‌లో (ఆదేశాలు టైప్ చేసే చోట) ఇన్నర్‌లైన్స్ ఆదేశం ఇస్తే లోపలి సరిహద్దులు ఒక్కో గీతగా వేరే లేయర్‌లోకి వస్తాయి. చివర ప్లస్ గుర్తు మరవకండి, లేకపోతే జిల్లాల లేయర్ పోయి గీతలే మిగులుతాయి. రెండు లేయర్లనూ ఎస్‌వీజీగా ఎక్స్‌పోర్ట్ చేసి ఇంక్‌స్కేప్‌లో తెరవండి. ఇక అక్కడ జిల్లాలకు రంగు మాత్రమే, అంచు వద్దు. జిల్లాల మధ్య అంచంతా గీతల లేయర్‌దే.

గోదావరికి నాదొక అడ్డదారి ఉంది. మంచిర్యాల, పెద్దపల్లి మధ్య నదే సరిహద్దు. నది గీతను విడిగా సాపు చేస్తే అది సరిహద్దుకు అటూ ఇటూ ఊగుతుంది. ఏ4 పటానికైతే ఆ ముక్క వరకు సరిహద్దు గీతనే కాపీ చేసి, నీలం రంగు వేసి నదుల లేయర్‌లో పెట్టేస్తాను.

మీ మూల ఫైల్ ఎప్పటిదో కూడా చూసుకోండి. 31 జిల్లాలే ఉంటే అది 2019 ఫిబ్రవరికి ముందుది, ములుగు, నారాయణపేట అందులో ఉండవు. వరంగల్ అర్బన్, రూరల్ అని కనిపిస్తే 2021 ఆగస్టుకు ముందుది. అక్కడ పేర్లు మారిస్తే సరిపోదు. పేర్లతో పాటు మండలాలూ మారాయి: ఖిలా వరంగల్ వరంగల్ జిల్లాలోకి, పరకాల హనుమకొండలోకి వెళ్లాయి. సరిహద్దే మార్చాలి.

అభ్యాసం: అన్నిటికంటే కింద ఒక లేయర్ చేసి, పటమంతా పట్టేలా ముదురు ఎర్ర దీర్ఘచతురస్రం గీయండి. గీతల లేయర్ దాచి, 800 శాతానికి పెంచి, మూడు జిల్లాలు కలిసే ప్రతి బిందువు దగ్గరికీ వెళ్లండి. రాష్ట్రమంతా, ఒక్కటీ వదలకుండా. ఎక్కడైనా ఎర్ర చీలిక కనబడితే మళ్లీ షేప్‌ఫైల్ దగ్గర్నుంచి రండి.